లండన్‌లో స్కూల్ పిల్లలకు ఒక్క రోజు: టవరా, మ్యూజియమా?

స్కూల్ ట్రిప్‌లో లండన్ చూడటానికి ఒక్క రోజే దొరికితే టవర్ ఆఫ్ లండన్ అనే పాత రాజకోటకు తీసుకెళ్లాలా, బ్రిటిష్ మ్యూజియానికా? ట్రిప్పుల సీజన్ రాగానే తోటి టీచర్లూ తల్లిదండ్రులూ అడిగేది ఇదే. రెండూ చూసేద్దామని కొందరంటారు. అంతమంది పిల్లల్ని ట్యూబ్ (లండన్ మెట్రో రైలు) ఎక్కించడం, దించడం, తలలు లెక్కపెట్టుకోవడం, టాయిలెట్ దగ్గర లైన్లు... మధ్యాహ్నానికే ఆ ముచ్చట తీరిపోతుంది.

టవర్ తక్కువదేం కాదు. టికెట్ కొనాలి కానీ, బీఫీటర్లు (టవర్ కాపలాదారులు) తిప్పి చూపిస్తూ చెప్పే కథలు అందులోనే వచ్చేస్తాయి. తలలు నరికిన సంగతులు కూడా నవ్విస్తూ చెబుతారు. కనీసం ఆరు బొంతకాకులు లేకపోతే రాజ్యం కూలిపోతుందన్న నమ్మకం పిల్లలకు భలే నచ్చుతుంది. చుట్టూ కోటగోడ కాబట్టి ఎవరైనా తప్పిపోతారన్న టెన్షన్ కూడా తక్కువ. వాన పడితే మాత్రం ఇబ్బందే, ఒక భవనం నుంచి ఇంకోదానికి ఆరుబయటే నడవాలి.

మనవాళ్లు టవర్ అనడానికి అసలు కారణం కోహినూర్. కృష్ణా తీరాన కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే వజ్రం, 1849లో పంజాబ్‌తో పాటు ఇంగ్లిషువాళ్ల చేతికి పోయింది. పిల్లలకు చూపించాలని ఎవరికుండదు? కానీ టవర్‌లో అది ఉన్న ఆభరణాల భవనంలో ఫొటో తీయనివ్వరు. ముఖ్యమైన కిరీటాల ముందైతే కదిలే బెల్టు మీద నిలబడి సాగిపోవాలి. ‘అదిగో’ అని వేలు చూపించేలోపే దాటేస్తాం.

నాకు తేడా అక్కడే కనిపిస్తుంది. పిల్లలు ఒక వస్తువు ముందు ఎంతసేపు నిలబడగలరు? మ్యూజియంలో 33ఎ గదికి వెళ్లండి. అమరావతి స్తూపం శిల్పాలు అక్కడున్నాయి. జనమంతా మమ్మీల దగ్గరా, ఒకే శాసనాన్ని మూడు లిపుల్లో చెక్కిన ఈజిప్టు రొసెట్టా రాయి దగ్గరా మూగుతారు కాబట్టి ఇక్కడ తోసేవాళ్లుండరు. రెండు వైపులా చెక్కిన ఫలకం ఒకటుంది. క్రీ.పూ. 1వ శతాబ్దపు వైపున బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం. ‘ఇందులో బుద్ధుడెక్కడ?’ అని అడిగి ఊరుకోండి. వెతికి వెతికి అలిసిపోయాక, ఆ ఖాళీ ఆసనమే ఆయన గుర్తని చెప్పండి. క్రీ.శ. 3వ శతాబ్దంలో అదే రాయిని తిప్పి రెండో వైపున స్తూపాన్నే చెక్కారు. ద్వారం దగ్గర సింహాలు, పైన ఐదు ఆయక స్తంభాలు (స్తూపం ముందు వేదిక మీద నిలిపేవి). లెక్కపెట్టమనండి.

‘మనవి ఇక్కడికెలా వచ్చాయి?’ అని ఒకరైనా అడుగుతారు. 1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్పించాడు, అక్కణ్నుంచి ఓడలో లండన్‌కు. కోహినూర్ ముందూ ఇదే ప్రశ్న వస్తుంది, బెల్టు మీద జవాబు చెప్పే తీరికే ఉండదు.

మ్యూజియంతో చిక్కు దాని సైజే. ప్రవేశం ఉచితమైనా గ్రూపుకు ముందే బుక్ చేసుకోవాలి. పిల్లల్ని చిన్న జట్లుగా విడగొట్టి ఒక్కో జట్టుకు ఒక టీచర్‌ను పెట్టండి. ముందు 33ఎ, తర్వాత రొసెట్టా రాయి, మమ్మీలు. అక్కడితో ఆపేయండి, కాళ్లు లాగుతాయి.

లండన్ ఐ అనే జెయింట్ వీల్ ఒక చుట్టు అరగంట, మబ్బు పడితే దండగ. మేడమ్ టుస్సాడ్స్ మైనపు బొమ్మలు సెల్ఫీలకే. మరీ చిన్న క్లాసులైతే డైనోసార్ల కోసం నేచురల్ హిస్టరీ మ్యూజియం చాలు.

మీ బ్యాచ్ కుదురుగా నిలబడే రకం కాకపోతే టవర్‌కే వెళ్లండి. గేటు తెరిచే వేళకే చేరుకుని, ముందుగా ఆభరణాల భవనం చూసేయండి. కాకులెక్కడికీ పోవు.