గ్రేంజ్ ఆడాడు, బర్వాంగర్ మానేశాడు

తొలినాళ్ల అమెరికన్ ఫుట్‌బాల్‌లో కాలేజీ స్టార్ ముందు రెండు దారులు: ప్రొఫెషనల్ ఆట, లేదా ఉద్యోగం.

రెడ్ గ్రేంజ్ ఆటనే పట్టుకున్నాడు. 1924లో ఇల్లినాయ్ తరఫున మిషిగన్ మీద మొదటి 12 నిమిషాల్లోనే నాలుగు టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి పాయింట్లు తేవడం) చేసిన మొనగాడు. 1925 నవంబరులో ఆఖరి కాలేజీ మ్యాచ్ ఆడిన ఐదు రోజులకే, చదువు పూర్తికాకుండానే, ప్రొఫెషనల్ జట్టు చికాగో బేర్స్ జెర్సీ వేసుకున్నాడు. కోచ్‌కి అది అస్సలు నచ్చలేదు. జనానికి మాత్రం పిచ్చెక్కింది. న్యూయార్క్ మ్యాచ్‌కి సుమారు 70 వేల మంది వచ్చారు! అయితే 1927లో మోకాలు దెబ్బతింది. 1928 అంతా ఖాళీ. తిరిగొచ్చాక పాత పరుగు లేదు, డిఫెన్స్‌లో రాణిస్తూ 1934 దాకా నెట్టుకొచ్చాడు.

జే బర్వాంగర్ కథ వేరు. మేటి కాలేజీ ఆటగాడికిచ్చే, తర్వాత హైస్‌మన్‌గా పేరుపడ్డ ట్రోఫీని 1935లో మొట్టమొదట అందుకున్నది ఇతనే. 1936లో జరిగిన తొలి ఎన్ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే చోట, మొదటి పేరూ ఇతనిదే. బేర్స్‌తో డబ్బు దగ్గర బేరం తెగలేదు. ఫోమ్ రబ్బరు అమ్మే ఉద్యోగంలో చేరి, తర్వాత సొంత కంపెనీ పెట్టుకున్నాడు.

నన్నడిగితే బర్వాంగర్ లెక్కే సరైనది. గ్రేంజ్‌కి టికెట్ వసూళ్లలో వాటా దక్కింది. అలాంటి ఒప్పందం లేనివాడికి మోకాలు పోతే మిగిలేదేముంది?