పాత ఏథెన్స్‌ని చూడాలంటే ఎవరి బొమ్మలు నమ్మాలి?

గ్రీసు శిథిలాల పాత బొమ్మలు వెతికేవాళ్లకి ముందు తగిలేవి రెండు పుస్తకాలు. ఫ్రాన్స్‌కి చెందిన లెరువా తెచ్చినది 1758లో వచ్చింది, స్టువర్ట్, రెవెట్ అనే ఇంగ్లండ్ వాళ్ల మొదటి సంపుటం 1762లో. ఏది మేలు అని అడిగితే చాలామంది వెంటనే స్టువర్ట్ పేరే చెప్తారు.

కొలతల వరకూ అది నిజమే. వాళ్లు 1751లో ఏథెన్స్ చేరి, దాదాపు రెండేళ్లు అక్కడే ఉండి, ఒక్కో రాయినీ కొలుచుకున్నారు. ఇలిస్సోస్ వాగు ఒడ్డున ఒక చిన్న గుడి ఉండేది, 1778లో ఊరి చుట్టూ గోడ కట్టడానికి దాన్ని పడగొట్టి రాళ్లు పట్టుకుపోయారు, ఇప్పుడు ఆ గుడి రూపం మనకి తెలుస్తోందంటే వాళ్లు గీసిపెట్టిన కాగితాల పుణ్యమే. అయితే ఏథెన్స్ కోట కొండ అక్రోపోలిస్ మీది పెద్ద గుడి పార్థెనాన్ కోసం మొదటి సంపుటం తెరిస్తే నిరాశే, అందులో అది లేదు. అది ఉన్న రెండో సంపుటం స్టువర్ట్ 1788లో పోయిన తర్వాతే బయటికొచ్చింది.

లెరువా 1755లో మూడు నెలలు కూడా ఉండలేదు, తప్పులు చేశాడు, స్టువర్ట్ వాటిని ఏకిపారేశాడు. కానీ స్తంభాల మధ్య నడుస్తుంటే మనిషికి ఏమనిపిస్తుందన్నది ఆయనకి ముఖ్యం, 1770 నాటి రెండో కూర్పులో దాని గురించి విడిగా రాశాడు కూడా. నాకది చిన్న విషయంగా అనిపించదు.

జనం బతుకుతున్న ఊరు కావాలంటే మాత్రం ఈ రెండు పుస్తకాల్నీ పక్కనపెట్టి ఇంగ్లీషు యాత్రికుడు డాడ్‌వెల్, ఆయన వెంట వెళ్లిన ఇటలీ చిత్రకారుడు పొమార్దీల బొమ్మలు చూడండి. 1801లోనూ, మళ్లీ 1805లోనూ వెళ్లిన డాడ్‌వెల్ కెమెరా అబ్‌స్క్యూరా వాడాడు, అంటే ఎదుటి దృశ్యం కాగితం మీద పడేలా చేసే చీకటి పెట్టె. కోట అధికారి అందులోకి చూసి, తన సైనికుల్ని పెట్టెలో బంధించాడనుకుని మండిపడ్డాడట. అక్రోపోలిస్ మీద, అప్పట్లో ఏథెన్స్‌ని ఏలుతున్న తురుష్కుల ఇళ్లు, పార్థెనాన్ లోపల కట్టిన చిన్న మసీదు, అన్నీ ఆ బొమ్మల్లో ఉన్నాయి. తర్వాత వాటన్నిటినీ తీసేశారు.

ఒక్కటే ఎంచుకోమంటే మాత్రం నా ఓటు 1674 నాటి సుద్ద బొమ్మలకి. ఫ్రెంచ్ రాయబారి నొయాంతెల్ వెంట ఉన్న చిత్రకారుడు, జాక్ కారే అంటారు గానీ దాని మీద వాదన ఉంది, కింద నిలబడే పార్థెనాన్ శిల్పాలు గీశాడు. గీతలు తొందరగా వేసినట్టు ఉంటాయి, కొలతలంటూ ఏమీ లేవు. దాదాపు 13 ఏళ్లకి, 1687 సెప్టెంబర్ 26న, వెనిస్ సేనల గుండు, తురుష్కులు లోపల దాచిన మందుగుండు మీద పడి గుడి నడిమి భాగం పేలిపోయింది. ఆ పైన వెనిస్ సేనాని మొరోసినీ పడమటి వైపు పైనున్న సముద్ర దేవుడు పొసైడన్ శిల్పాన్నీ గుర్రాల శిల్పాల్నీ దింపించబోతే అవి జారి పడి ముక్కలయ్యాయి. నిలబడి ఉన్న రాళ్లని ఈరోజైనా కొలవచ్చు. ఆ గుర్రాలు పైన ఉండగా చూసి గీసింది మాత్రం ఆ సుద్ద ముక్కే.