కావలిలో ఉన్నవారికి బొకే పంపాలంటే: బస్టాండు దగ్గరి పూల అంగడి సేవపై సమీక్ష

కన్నవాళ్లు నెల్లూరు జిల్లా కావలిలో, తాము హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటున్నవారు పుట్టినరోజుకో పెళ్లిరోజుకో ఇంటికి తాజా పూలు పంపాలనుకుంటే ఇప్పుడు రెండు దారులున్నాయి. దేశమంతటా పూలు చేరవేస్తామని చెప్పే ఆన్‌లైన్ సంస్థలకు ఆర్డరు పెట్టడం ఒకటి, ఊళ్లోనే బొకేలు కట్టే అంగడికి నేరుగా ఫోను చేయడం రెండోది. కొన్నేళ్లుగా నేను రెండింటినీ వాడాను. దండలూ పెళ్లి మండపాల అలంకరణా ప్రధాన వ్యాపారంగా, బొకేలు అదనపు పనిగా నడుస్తున్న కావలి బస్టాండు దగ్గరి ఒక చిన్న పూల అంగడి గురించి ఈ సమీక్ష. చిన్న ఊరికి పంపే బొకే బాగుంటుందా లేదా అన్నది దాన్ని ఏ ఊళ్లో, ఏ పూట కట్టారన్న దాన్నిబట్టి తేలుతుంది తప్ప వెబ్‌సైటులో చూపించే ఫొటోను బట్టి కాదని నా గట్టి అభిప్రాయం.

ముందుగా ఆన్‌లైన్ సంస్థల సంగతి క్లుప్తంగా చెబుతాను. 524201 అని పిన్‌కోడు కొట్టగానే డెలివరీ ఉందని చూపిస్తారు. కానీ ఆ ఆర్డరు చాలాసార్లు నెల్లూరులోనో ఒంగోలులోనో ఉన్న మరో దుకాణానికి బదిలీ అవుతుంది, లేదంటే పెద్ద నగరంలోనే పూలను అట్టపెట్టెలో సర్ది కొరియరుకు ఇస్తారు. మొదటి పద్ధతిలో మనం కట్టిన సొమ్ములోంచి సంస్థ వాటా, రవాణా ఖర్చు పోగా పూలకు మిగిలేది తక్కువ. రెండో పద్ధతిలో పూలు ఒక రాత్రంతా పెట్టెలోనే ఉండిపోతాయి. మే నెలలో అమ్మ పుట్టినరోజుకు అలాంటి ఒక సంస్థ ద్వారా పంపిన గులాబీలు ఇంటికి చేరేసరికి తలలు వాల్చేసి, బయటి రేకుల అంచులు గోధుమరంగుకు తిరిగి ఉన్నాయి. ఫొటోలో కనిపించిన కార్నేషన్ల స్థానంలో పసుపు చామంతులు వచ్చాయి. అమ్మ మాత్రం ఫోనులో చాలా బాగున్నాయనే చెప్పింది. సాయంత్రం తమ్ముడు పంపిన ఫొటో చూశాక నాకు కలిగిన బాధ ఇంతా అంతా కాదు. సంస్థవారిని అడిగితే, అందుబాటును బట్టి పూలు మారవచ్చునన్న నిబంధన చూపించి ఊరుకున్నారు.

ఇందులో ఒకరి అశ్రద్ధ కంటే ఎండ పాత్ర ఎక్కువ. కోసిన తర్వాత కూడా పువ్వు ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది, వేడి పెరిగినకొద్దీ ఆ వేగం పెరిగి, కాడలో దాచుకున్న శక్తి త్వరగా ఖర్చయిపోతుంది. గులాబీని 2 నుంచి 4 డిగ్రీల చల్లదనంలో నిల్వ ఉంచాలని పూల వ్యాపారంలో ఉన్నవారందరికీ తెలుసు. రోహిణి కార్తెలో మన జిల్లాలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుందన్నదీ అందరికీ తెలుసు. దీనికి తోడు, నీళ్లలోంచి బయటికి తీసిన కాడ కోసిన చోట గాలి పీల్చుకుని, ఆ గాలి బుడగలు నీరు ఎక్కే దారికి అడ్డుపడతాయి. గులాబీ మొగ్గ విప్పారకుండానే మెడ దగ్గర వంగిపోవడానికి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. బొకే కట్టిన గంటా రెండు గంటల్లో ఇంటి గుమ్మం చేరగలిగితే ఈ ఇబ్బందుల్లో సగం ఉండవు. కాబట్టి కావలిలో ఇవ్వాల్సిన బొకేను కావలిలోనే కట్టించడం మేలు.

ఇక అంగడి సంగతి. సంక్రాంతి సెలవుల్లో అక్కడ నిలబడి ఒక బొకే కడుతుంటే మొదటినుంచి చివరిదాకా చూశాను, అప్పటినుంచే నాకు ఆ అంగడి మీద నమ్మకం కుదిరింది. ముందు భాగంలో దండలు, మూరల లెక్కన అమ్మే కనకాంబరాలు, తడిగుడ్డ కింద మరువం, దవనం ఉంటాయి. వెనక కూల్‌డ్రింకుల అంగళ్లలో కనిపించే అద్దం తలుపు ఫ్రిజ్ ఒకటి ఉంది, అందులో సీసాలకు బదులు బకెట్లలో డచ్ గులాబీలు నిలబెట్టి ఉంటాయి. యజమాని ఒక్కొక్క గులాబీని తీసి, రేకులు కాడను అంటుకునే చోట వేళ్లతో మెల్లగా నొక్కి చూశారు. గట్టిగా ఉన్నదాన్ని పక్కన పెట్టారు, మెత్తబడినదాన్ని దండల బుట్టలో వేశారు. కింది ఆకులన్నీ దూసేసి, ముళ్లు గీరేసి, కాడ చివరను బకెట్‌లోని నీళ్లలో ముంచి ఉంచే ఏటవాలుగా కత్తిరించారు. ఎందుకలా అని అడిగితే, "బయట కోస్తే గాలి తాగుద్దమ్మా, ఇంక నీళ్లు తాగదు" అన్నారు. తర్వాత కాడలన్నిటినీ ఒకే వైపు వాలుగా మెలితిప్పినట్టు పేర్చుకుంటూ, మధ్యమధ్య జిప్సీ పూల రెమ్మలు దూర్చి, చివర్లకు తడిపిన దూది చుట్టి, దానిపై చిన్న ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేశారు. గులాబీకి అన్నిటికన్నా బయట, రవాణాలో దెబ్బతిని నల్లబడిన రెండు మూడు రేకులు ఉంటాయి. వాటిని మాత్రం ఇచ్చే ముందు వరకూ తీయరు, ఎందుకంటే లోపలి రేకులకు అవే కాపు.

పూలు వచ్చే దారి తెలిస్తే ఏ రోజు ఆర్డరు పెట్టాలో కూడా తెలుస్తుంది. డచ్ గులాబీలు, జెర్బెరాలు, కార్నేషన్లు బెంగళూరు, హోసూరు చుట్టుపక్కల పాలీహౌసుల్లో, అంటే ప్లాస్టిక్ పొర కప్పిన షెడ్లలో, పండి రాత్రి బస్సుల్లో దిగుతాయి. విడిపూలలో ఎక్కువ భాగం చెన్నై కోయంబేడు మార్కెట్టు నుంచి వస్తుంది. కావలి జాతీయ రహదారి మీదా, చెన్నై విజయవాడ రైలు మార్గం మీదా ఉండటం ఈ విషయంలో పెద్ద అదృష్టం, లోపలికి ఉన్న ఊళ్లకు ఈ సదుపాయం లేదు. బొకేలకని ప్రత్యేకంగా సరుకు తెప్పించేంత గిరాకీ ఊళ్లో లేదు కాబట్టి, పెళ్లి మండపాలకు వచ్చిన పూలలోంచే బొకేలు కడతారు. ముహూర్తాలు జోరుగా ఉన్న రోజుల్లో తాజా పూలు, రకరకాల రంగులు దొరుకుతాయి గానీ పనివాళ్ల చేతులు ఖాళీ ఉండవు, అందుకని మూడు నాలుగు రోజుల ముందే చెప్పి ఉంచాలి. ఆషాఢం లాంటి శూన్యమాసాల్లో యజమానికి తీరిక ఉంటుంది, పూలు మాత్రం తక్కువ. అప్పుడు జెర్బెరాలు కావాలని పట్టుబట్టకుండా ఉన్న గులాబీలతో, చామంతులతో కట్టమనడమే మంచిది. శ్రావణంలో వరలక్ష్మీవ్రతం ముందు రోజుల్లోనూ, ఫిబ్రవరి 14 ముందూ ధరలు అమాంతం పెరుగుతాయి. ఆ పెరుగుదల అంగడివారు చేసింది కాదు, మార్కెట్టులోనే అలా ఉంటుంది. వీళ్లు ఆ మాట ఆర్డరు తీసుకునేటప్పుడే చెబుతారు.

డెలివరీ విషయంలో ఈ అంగడిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. బొకే కట్టగానే వాట్సాప్‌లో ఫొటో పంపుతారు, మనం సరేనన్నాకే బయలుదేరతారు. యజమాని కొడుకు మోటారు సైకిలు ముందు భాగంలో చిన్న బకెట్ పెట్టుకుని, అందులో బొకేను నిలబెట్టి తీసుకెళ్తాడు. చిరునామాలో ఇంటి నంబరు కంటే గుర్తు ముఖ్యమని వీళ్లకు తెలుసు. ఫలానా గుడి వెనక సందు, నీళ్ల ట్యాంకు ఎదురు ఇల్లు అని చెబితే మళ్లీ ఫోను చేయకుండా చేరతాడు. మధ్యాహ్నం పెద్దవాళ్లు కునుకు తీసే వేళ తలుపు కొట్టవద్దని ఒకసారి చెప్పాను, అప్పటినుంచి మా ఇంటికి పదకొండు లోపుగానీ సాయంత్రం ఐదు దాటాకగానీ తప్ప రావడం లేదు. నాన్నకు ముందుగా తెలియకూడదని చెప్పినప్పుడు, ఇల్లు వెతుక్కోవడానికి ఆయనకు ఫోను చేయకుండా తమ్ముడికి చేశాడు. ఈ మాత్రం ఇంగితం ఎంత డబ్బు కట్టినా పెద్ద సంస్థల్లో నాకు దొరకలేదు. ముసునూరు, బిట్రగుంట, తుమ్మలపెంట లాంటి దగ్గరి ఊళ్లకు పెట్రోలు ఖర్చు తీసుకుని వెళ్తారు. ఉదయగిరి వైపు మాత్రం పంపరు, పంపినా పూలు నిలవవని వాళ్లే చెబుతారు.

లోపాలు లేకపోలేదు. అడగకపోతే బొకేను మందమైన సెలోఫేన్ కాగితంలో బిగించి, పైన మెరుపు చల్లుతారు. స్టేజీ మీద అతిథులకు ఇచ్చే బొకేల అలవాటు అది. ఆ కాగితంలో వేడి నిలిచి పూలు ఉడికిపోతాయి, మెరుపు పడిన రేకులు త్వరగా ముడుచుకుపోతాయి, కాబట్టి రెండూ వద్దని ముందే స్పష్టంగా చెప్పాలి. ఆర్కిడ్లను కూడా గులాబీలతో పాటు అదే ఫ్రిజ్‌లో పెడుతున్నారు, అది సరికాదు. ఆర్కిడ్ వేడి దేశపు పువ్వు, మరీ చల్లదనం తగిలితే రేకుల మీద మచ్చలు పడతాయి, అందువల్ల ఇక్కడ ఆర్కిడ్లు తీసుకోమని నేను చెప్పను. శుభాకాంక్షల కార్డులు మూసపోసిన ఇంగ్లీషు వాక్యాలతో అచ్చయినవే ఉంటాయి. మన మాట మనమే వాట్సాప్‌లో పంపితే యజమాని కూతురు దాన్ని తెల్లకార్డు మీద గుండ్రని తెలుగు అక్షరాలతో రాసి పెడుతుంది. దానికి డబ్బు తీసుకోరు. అచ్చు కార్డులను పక్కన పెట్టి ఈ సౌకర్యాన్నే అందరికీ ముందుగా చెప్పాలని నా సూచన.

బుట్టలో అమర్చిన పూలు కావాలా, చేతి బొకే కావాలా అన్న ప్రశ్నకు నా సమాధానం చేతి బొకేనే. బుట్టల్లో వాడే ఆకుపచ్చ స్పాంజి ఒకసారి పూర్తిగా ఎండిందంటే మళ్లీ సరిగా నీరు పీల్చదు, ఇంట్లో పెద్దవాళ్లు రోజూ గుర్తుపెట్టుకుని దానికి నీళ్లు పోయడం కష్టం. చేతి బొకే అయితే కాగితం విప్పేసి, కాడ చివర్లు అంగుళం మేర ఏటవాలుగా కత్తిరించి స్టీలు చెంబులో పెట్టి, రోజూ నీళ్లు మారిస్తే చాలు. మా ఇంట్లో వేసవిలో కూడా అలా పెట్టిన గులాబీలు నాలుగు రోజులు చక్కగా నిలిచాయి. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. మే నెలలో ఇంటి నిండా మాగబెట్టిన మామిడిపండ్లుంటాయి, పండే పండ్ల నుంచి వెలువడే ఇథిలీన్ వాయువు పూలను, ముఖ్యంగా కార్నేషన్లను, త్వరగా వాడిపోయేలా చేస్తుంది. చెంబును పండ్ల బుట్టకు దూరంగా, ఫ్యాను గాలి నేరుగా తగలని చోట ఉంచాలి.

నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి, ఆన్‌లైన్ సంస్థ ఏదీ చేయలేనిది, మరొకటి ఉంది. బొకేతో పాటు రెండు మూరల మల్లెపూలు కూడా పంపమంటే అరటాకులో చుట్టి, పైన నీళ్లు చిలకరించి, విడిగా అందిస్తారు. మా ఇళ్లలో పూలంటే దేవుడి పటానికీ జడలోకీ అన్న అలవాటే ఎక్కువ. బొకేను ముందుగదిలో చూసుకుని మురిసిపోయినా, అమ్మ చేయి ముందుగా వెళ్లేది ఆ అరటాకు పొట్లం మీదికే. తల్లికో అత్తకో పిన్నికో పంపేవారు ఈ పని తప్పక చేయించండి. మల్లెలు దొరకని కాలంలో కనకాంబరాలు మరువంతో కలిపి కట్టి ఇస్తారు.

ధరల విషయానికొస్తే, ఇరవై గులాబీల చేతి బొకేకు మామూలు రోజుల్లో నాకు 600 నుంచి 700 రూపాయల వరకు అయింది, డెలివరీ 50 రూపాయలు, మూరపూలకు ఆనాటి ధర. వాడిపోయి చేరిన ఆ ఆన్‌లైన్ బొకేకు నేను 1,200 పైగా కట్టాను. ఫోన్‌పే, గూగుల్‌పే రెండూ తీసుకుంటారు, సగం ముందు, సగం ఫొటో చూశాక. అర్ధరాత్రి డెలివరీ చేయరు, ఆదివారం సాయంత్రాలు అంగడి తీయరు. ఫోను చేయడానికి అనువైన సమయం ఉదయం పది తర్వాత, ఎందుకంటే అంతకు ముందు గుడులకూ ఇళ్లకూ దండలు పంపే హడావిడిలో ఉంటారు. రంగు, పూల రకం, సెలోఫేన్ వద్దన్న మాట, కార్డు మీది వాక్యం, ఇంటి గుర్తు, ఇంట్లో ఎవరికి ఫోను చేయాలో వారి నంబరు, ఇవన్నీ ఒకే సందేశంలో రాసి పంపితే మళ్లీ అడగవలసిన అవసరం ఉండదని యజమాని నాతో చెప్పారు.