నల్లగొండ దారులకు మారథాన్ ప్లస్ టైరు

నల్లగొండ క్లాక్ టవర్ నుంచి పానగల్లు వైపు సైకిలు మీద వెళ్లేవారికి తారు రోడ్డు, సిమెంటు గల్లీ, మొరం బాట, పైపుల కోసం తవ్వి పూడ్చిన చోట తేలిన కంకర అన్నీ ఒకే ప్రయాణంలో ఎదురుకావచ్చు కాబట్టి, సన్నని నున్నటి టైరు గాని, కొండదారులకు ఉద్దేశించిన లోతైన గాట్ల టైరు గాని ఇక్కడ పూర్తిగా నప్పదు. జర్మనీకి చెందిన ష్వాల్బే సంస్థ తయారుచేసే మారథాన్ ప్లస్ ఈ రెండింటికీ నడిమధ్యన నిలుస్తుంది.

దీని అసలు బలం నేలను తాకే భాగం కింద అమర్చిన 5 మిల్లీమీటర్ల మందపు సాగే రబ్బరు పొర. చెరువు కట్టల పక్కన రాలే సర్కారు తుమ్మ ముల్లు, మొరంలో దాగిన పల్లేరు కాయ టైరులో దిగబడినా, చాలావరకు ట్యూబును చేరకముందే ఆగిపోతాయి. అయితే పక్క గోడలకు ఈ పొర రక్షణ లేదు. గాలి తగ్గిన టైరు గుంత అంచుకు కొట్టుకుంటే రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి పంక్చరు కావడాన్ని కూడా ఇది ఆపలేదు. గాలి చూసుకోవడం మనవంతే.

టైరు బరువెక్కువ, ఎక్కించడం కష్టం, ధర సాధారణ టైరుకు కొన్ని రెట్లు. రోజూ సైకిలు తొక్కేవారికే ఈ ఖర్చు సమంజసమని నా అభిప్రాయం.

కొనేముందు పాత టైరు మీది అంకెలు తప్పక చూడాలి. 37-622 అంటే వెడల్పు 37, రిమ్ముపై కూర్చునే చోట వ్యాసం 622 మిల్లీమీటర్లు. పాతకాలపు నల్ల సైకిళ్లకు ఉండే 28 × 1½ అంగుళాల చక్రానికి ఆ వ్యాసం 635. పేరుకు రెండూ 28 అంగుళాలే అయినా ఒకదాని టైరు మరొకదానికి పట్టదు.