పీణ్య షెడ్డుకి నెలవారీ సైబర్ సెక్యూరిటీ ప్యాకేజీ, ఏడాది వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, కంపెనీ పేరు రాయట్లేదు. బాగుందని రాస్తే డబ్బులిచ్చి రాయించుకున్నారంటారు, బాలేదని రాస్తే వాళ్ళే ఫోన్ చేసి తీసెయ్యమంటారు, రెండు గోలలూ నాకొద్దు. రాజాజీనగర్ వైపు ఉండే చిన్న టీమ్, నెలకింత అని తీసుకుని చిన్న ఫ్యాక్టరీలకీ ఆఫీసులకీ సెక్యూరిటీ మొత్తం మేమే చూస్తాం అని చెప్పే రకం. బెంగళూరులో ఇలాంటి వాళ్ళు ఇప్పుడు బోలెడంత మంది, కాబట్టి వాళ్ళ పేరు కన్నా వాళ్ళ దగ్గర ఏం అడగాలి ఏం వద్దనాలి అన్నదే మీకు పనికొస్తుంది.

మాది పీణ్య సెకండ్ స్టేజ్‌లో జాబ్ వర్క్ షెడ్డు, బావది. సీఎన్సీ మెషిన్లు (కంప్యూటర్ ప్రోగ్రాముతో నడిచేవి), ఆఫీసులో నాలుగైదు సిస్టమ్స్, ఒకదాంట్లో లెక్కలు రాసుకునే టాలీ, అంతే. అకౌంట్సు, మెయిల్సు, డిస్పాచ్ పేపర్లు నేను చూస్తా. బావ హిందూపురం నుంచి వచ్చి పాతికేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాడు, మెషిన్ సౌండ్ వింటే చాలు టూల్ అరిగిందని చెప్పేస్తాడు, రౌటర్ పాస్‌వర్డ్ అడిగితే మాత్రం నా వైపు చూస్తాడు. మనలాంటోళ్ళని ఎవడు హ్యాక్ చేస్తాడ్రా అని మొదట్లో నవ్వేవాడు. కానీ మా పెద్ద కస్టమర్ ఒక వెండర్ ఫారం పంపాడు, బ్యాకప్ ఉందా, మెయిల్‌కి ఓటీపీ పెట్టారా, మీ దగ్గర ఏదైనా జరిగితే మాకు ఎన్ని గంటల్లో చెప్తారు, ఇలా పేజీలకి పేజీలు, అది నింపకపోతే కొత్త పీవో, అంటే ఆర్డర్, రాదు. సరిగ్గా అప్పుడే మా రోడ్డులోనే ఇంకో షెడ్డులో టాలీ ఫోల్డర్ మొత్తం లాక్ అయిపోయి డబ్బు కట్టమని నోట్ వచ్చింది, రాన్సమ్‌వేర్ అంటే ఇదే, వాళ్ళ బ్యాకప్ హార్డ్ డిస్క్ కూడా అదే సిస్టమ్‌కి తగిలించే ఉండటంతో అదీ పోయింది. దాంతో బావ నవ్వు ఆగిపోయింది.

సేల్స్ వాళ్ళ సంగతి తర్వాత చెప్తా, ముందు ఇన్‌స్టాలేషన్‌కి వచ్చిన కుర్రాడి గురించి చెప్పాలి. మదనపల్లె అబ్బాయి, మాతో తెలుగు, సూపర్వైజర్‌తో కన్నడ, మెషిన్ ఆపరేటర్లతో హిందీ, అన్నీ మాట్లాడేస్తాడు. వచ్చి కూర్చుని యాంటీవైరస్ ఏం వాడుతున్నారని అడగలేదు. "అన్నా, రేపు పొద్దున్న ఏ సిస్టమ్ ఆన్ అవ్వకపోతే మీకు బండి కదలదు?" అన్నాడు. టాలీ, ఇంకా మెషిన్ ప్రోగ్రాములు ఉన్న పీసీ అని బావ చెప్పాడు. సరే అని టాలీ సిస్టమ్ షట్‌డౌన్ చేసి తన బ్యాగులోంచి ఒక పాత లాప్‌టాప్ తీసి, ఇప్పుడు ఆ సిస్టమ్ పోయిందనుకోండి, నిన్నటి బ్యాకప్ తెచ్చి దీంట్లో ఓపెన్ చేసి చూపించండి అన్నాడు.

అక్కడ బయటపడింది అసలు సంగతి. బ్యాకప్ రోజూ రాత్రి పదకొండింటికి తీసుకునేలా పెట్టి ఉంది, ఇంతకు ముందు వచ్చే కంప్యూటరాయన సెట్ చేసి గ్రీన్ టిక్ చూపించి వెళ్ళాడు. మా సూపర్వైజరేమో ఎనిమిదిన్నరకి షట్టర్ దించే ముందు షార్ట్ సర్క్యూట్ భయంతో మెయిన్ ఎంసీబీ దించేసి పోతాడు. పదకొండింటికి కరెంటే లేని సిస్టమ్ బ్యాకప్ ఏం తీస్తుంది! ఆ ఫోల్డర్‌లో దసరా ముందు నైట్ షిఫ్ట్ నడిచిన రోజుల కాపీలు మాత్రం చక్కగా ఉన్నాయి, మిగతా నెలలు ఖాళీ. బావ సూపర్వైజర్‌ని ఒక చూపు చూశాడు, ఆయన తప్పేముంది పాపం, ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు మధ్యాహ్నం లంచ్ టైమ్‌లో టాలీ అందరూ క్లోజ్ చేశాక ఒక కాపీ, క్లౌడ్‌లో ఒక కాపీ, ఇంకో హార్డ్ డిస్క్‌లో వారం వారం కాపీ తీసి డిస్క్ పీకేసి బావ ఇంటికి తీసుకెళ్తాడు. త్రీ టూ వన్ అంటారంట, మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి బయట. మూడు నెలలకోసారి ఆ కుర్రాడు వచ్చి మళ్ళీ అదే లాప్‌టాప్‌లో రిస్టోర్ చేసి కంపెనీ ఓపెన్ చేసి లాస్ట్ వోచర్ నంబర్ నాతో చదివిస్తాడు. నన్నడిగితే మేం కట్టే డబ్బంతా ఆ అరగంటకే, మిగతాదంతా కొసరు.

రెండోది, ఆర్డీపీ, అంటే దూరం నుంచే మన సిస్టమ్‌లోకి లాగిన్ అయి వాడుకునే విండోస్ సదుపాయం. మా ఆడిటర్ గారు ఇంటి నుంచి టాలీ చూసుకోవడానికి వీలుగా ఎప్పుడో రౌటర్‌లో 3389 పోర్టు తెరిచి పెట్టారు, అంటే నెట్‌లో ఎవరైనా వచ్చి మా సిస్టమ్ ముందు కూర్చున్నట్టే పాస్‌వర్డులు కొట్టి చూడొచ్చు. లాగ్ తీసి చూపిస్తే రాత్రంతా ఎక్కడెక్కడి నుంచో అడ్మినిస్ట్రేటర్ పేరుతో ట్రై చేస్తూనే ఉన్నారు, చూసి నాకు ఒళ్ళు జలదరించింది. రాన్సమ్‌వేర్ వాళ్ళు ఎక్కువగా దూరే దారుల్లో ఇదొకటి. అది మూసేసి వీపీఎన్ పెట్టారు, అంటే ముందు దాంట్లో లాగిన్ అయితేనే మా నెట్‌వర్క్‌లోకి రానిచ్చే దారి. ఆడిటర్ గారు మాత్రం ఇప్పటికీ సణుగుతూనే ఉంటారు, ఈ వయసులో నాకీ వీపీఎన్ గోలేంటయ్యా అని.

మెషిన్ల సంగతి. మా దగ్గర ఒక మెషిన్‌కి ఉన్న పీసీ ఇంకా విండోస్ 7, దానికి 2020 జనవరిలోనే సపోర్ట్ ఆగిపోయింది, మార్చాలంటే మెషిన్ కంపెనీ వాడు చెప్పే రేటుకి సెకండ్ హ్యాండ్ మెషినే వస్తుంది. సేల్స్ అతను అన్నీ మార్చేయండి సార్ అన్నాడు, విండోస్ 10 కి కూడా 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది కదా, మొత్తం కొత్తవి కొనిపిద్దామని ప్లాన్. కుర్రాడు మాత్రం బావని పక్కకి తీసుకెళ్ళి, నెట్‌లో తిరిగే సిస్టమ్స్ ముందు మార్చండన్నా, మెషిన్ పీసీని నెట్ లేకుండా విడిగా పెట్టేద్దాం, పెన్ డ్రైవ్ మాత్రం ఆఫీసు సిస్టమ్‌లో స్కాన్ చేశాకే దాంట్లో పెట్టాలి అన్నాడు. నాకు నచ్చిన సలహా. పెద్ద కంపెనీలకే తప్పలేదు ఇది, 2018 ఆగస్టులో తైవాన్ చిప్ కంపెనీ టీఎస్ఎంసీ ఒక కొత్త మెషిన్‌ని వైరస్ స్కాన్ చెయ్యకుండా నెట్‌వర్క్‌కి తగిలించి వాన్నాక్రై రకం వైరస్‌తో ప్రొడక్షనే ఆపుకుంది. ఆ వాన్నాక్రై వచ్చింది 2017 మేలో, అది దూరే లోపాన్ని సరిచేసే ప్యాచ్ మైక్రోసాఫ్ట్ ఇచ్చింది ఆ మార్చిలోనే, అంటే ఏడాది దాటినా అది అలా తిరుగుతూనే ఉంది.

మెయిల్ దగ్గర సగం మార్కులే ఇస్తా. మా డొమైన్‌కి డీమార్క్ లేదు (మా పేరుతో వచ్చే దొంగ మెయిల్స్‌ని ఏం చెయ్యాలో అవతలి సర్వర్‌కి చెప్పే రూల్ అది), ఎవరైనా మా పేరుతో మా కస్టమర్లకి బిల్లు పంపొచ్చు అని పట్టుకున్నారు, మంచిదే. కానీ అది పెట్టేటప్పుడు మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వేరే సర్వర్ నుంచి మెయిల్ పంపుతుందని చూసుకోకుండా రూల్ టైట్ చేసేశారు, మా ఇన్వాయిస్‌లు కస్టమర్ల స్పామ్‌లో పడిపోయాయి, నెలాఖరు కలెక్షన్ల టైమ్‌లో! ఒక కస్టమర్ మీరు బిల్లే పంపలేదు కదా అని అడిగితే గానీ మాకు తెలీలేదు. ఫోన్ చేస్తే సర్దేశారు, సారీ కూడా చెప్పారు, కానీ అది మొదట కొన్ని వారాలు ఊరికే గమనించే మోడ్‌లో పెట్టి రిపోర్టులు చూసి తర్వాత బిగించాల్సింది, వాళ్ళకి తెలియని విషయం కాదు.

అదే మెయిల్ విషయంలో వాళ్ళు పెట్టించిన పేపర్ రూల్ ఒకటి మాత్రం బంగారం. ఎవరి బ్యాంక్ అకౌంట్ మారిందని మెయిల్ వచ్చినా, ఆ మెయిల్‌లో ఉన్న నంబర్‌కి కాకుండా మన పాత బిల్లు మీద ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి గొంతు విన్నాకే డబ్బు పంపాలి, బావ చెప్పినా సరే, బావ పేరుతో వాట్సాప్ వచ్చినా సరే. కొన్నాళ్ళకే మా స్టీల్ సప్లయర్ పేరుతో అలాంటి మెయిల్ వచ్చింది, పాత మెయిల్ చైన్ కింద అలాగే ఉంది, అమౌంట్ కూడా కరెక్టే, అడ్రస్‌లో ఇంగ్లీష్ ఎం అక్షరం బదులు ఆర్, ఎన్ పక్కపక్కన పెట్టారు, ఫోన్ స్క్రీన్ మీద చూస్తే దేవుడికి కూడా తేడా తెలీదు. రూల్ ప్రకారం పాత నంబర్‌కి చేస్తే వాళ్ళు మేమేం మార్చలేదన్నారు, అంతటితో అయిపోయింది. ఒకవేళ డబ్బు వెళ్ళిపోతే వెంటనే సైబర్ ఫ్రాడ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చెయ్యాలి, లేకపోతే సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టాలి, ఎంత త్వరగా చేస్తే అవతలి అకౌంట్‌లో ఆ డబ్బు ఆపడానికి అంత ఛాన్స్. అది తెలుగు, కన్నడ, హిందీలో రాసి ఆఫీసు గోడకి అంటించి పోయారు. ఆ హెల్ప్‌లైన్ పాత నంబర్ 155260 ఇంకా ఎక్కడైనా రాసి ఉంటే కొట్టేయండి.

ఇప్పుడు తిట్లు. సేల్స్ వాళ్ళు వచ్చిన రోజు డేటా చట్టం పేరు చెప్పి 250 కోట్లు ఫైన్ సార్ అని బావని భయపెట్టారు. 2023 డీపీడీపీ చట్టంలో (వ్యక్తిగత డేటా రక్షణ చట్టం) ఆ అంకె ఉన్న మాట నిజమే కానీ అది పై లిమిట్, పీణ్య షెడ్డుకి వచ్చే మొదటి నోటీసు కాదు. కుర్రాడు ఆ చట్టం గురించి ఏం మాట్లాడకుండా డెస్క్‌టాప్ మీద పడి ఉన్న వర్కర్ల ఆధార్ కాపీలన్నీ లాక్ ఉన్న ఫోల్డర్‌లోకి మార్చించాడు, అదీ పని అంటే.

డాష్‌బోర్డ్ ఒకటిచ్చారు, ఏఐ అంట, ఎర్ర పచ్చ గీతలు, నేను రెండు వారాలు చూసి మానేశా. నెలనెలా లావు పీడీఎఫ్ వస్తుంది, పోయిన నెలలో ఏం జరిగిందో వచ్చే నెలలో చెప్తుంది, దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు. డార్క్ వెబ్ మానిటరింగ్ అని, అంటే మన వివరాలు లీకై దొంగల సైట్లలో ఉన్నాయేమో చూడటానికి, ఎక్స్‌ట్రా డబ్బు అడిగారు, హ్యావ్ ఐ బీన్ పన్డ్ సైట్‌లో మెయిల్ ఐడీ కొడితే ఏ లీక్‌లో పోయిందో ఫ్రీగా చెప్తుంది, అది వద్దన్నాం. స్టాఫ్ ట్రైనింగ్ వీడియో మొత్తం ఇంగ్లీష్‌లో, అమెరికా ఆఫీసు సీన్లు, మా డిస్పాచ్ అబ్బాయి దాన్ని ప్లే చేసి పెట్టి టీకి వెళ్ళిపోయాడు. వాడికి కావాల్సింది వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్ (యాప్ ఇన్‌స్టాల్ చేసేది) నొక్కొద్దు అని ఒక్క ముక్క, అది కుర్రాడు నిలబడి చెప్పిన ఐదు నిమిషాల్లో వాడికి ఎక్కేసింది.

అన్నిటికన్నా చిరాకు, సపోర్ట్ టైమ్ సోమవారం నుంచి శనివారం, పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకే. రాన్సమ్‌వేర్ వాళ్ళు కావాలనే రాత్రుళ్ళూ శని ఆదివారాలూ చూసి కొడతారని వీళ్ళే ట్రైనింగ్‌లో చెప్పారు మళ్ళీ! సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం అలాంటి ఇన్సిడెంట్ మన దృష్టికి వచ్చిన ఆరు గంటల్లో వాళ్ళకి రిపోర్ట్ చెయ్యాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. లాగ్‌ల సంగతి వీళ్ళు ఫైర్‌వాల్ పెట్టి చూసుకున్నారు, ఇంటర్నెట్ వాడిచ్చే డబ్బా రౌటర్‌లో అది అయ్యే పని కాదు. కానీ ఆదివారం పొద్దున్న జరిగితే ఆరు గంటల లెక్క ఎవరు చూస్తారు అని బావ అడిగితే సేల్స్ అతను నీళ్ళు నమిలాడు. గొడవ పెట్టుకున్నాక ఒక ఎమర్జెన్సీ నంబర్ ఇచ్చారు, ఓ ఆదివారం కావాలనే చేసి చూశా, చాలాసేపటికి ఎత్తారు, ఎత్తారు కదా అని సరిపెట్టుకున్నా.

ఇంకోటి తెలుసుకోండి, ఇలాంటి సర్వీస్ వాళ్ళిచ్చే సర్టిఫికెట్ ఆడిట్ కింద చెల్లదు. మీ కస్టమర్ సెర్ట్-ఇన్ గుర్తింపు ఉన్న ఆడిట్ రిపోర్ట్ అడిగితే వాళ్ళ ఎంప్యానెల్ లిస్టులో (గుర్తింపు ఇచ్చిన వాళ్ళ జాబితా) ఉన్న ఆడిటర్ దగ్గరికే వెళ్ళాలి, ఆ లిస్టు వాళ్ళ సైట్‌లోనే ఉంది. 2025లో సెర్ట్-ఇన్ ఎంఎస్ఎంఈల (మనలాంటి చిన్న పరిశ్రమల) కోసమే 15 కంట్రోల్స్‌తో, అంటే పాటించాల్సిన జాగ్రత్తలతో, ఒక డాక్యుమెంట్ వేసింది, అది ప్రింట్ తీసి ముందు పెట్టుకుని, వీటిలో మీరు ఏవి చేస్తారు ఏవి చెయ్యరు రాసివ్వండి అని అడిగితే ఎదుటివాడి సరుకెంతో పది నిమిషాల్లో తెలిసిపోద్ది. మేం రెండో వెండర్‌ని కూడా అలా అడిగాం, రేటు తక్కువే చెప్పాడు గానీ రిస్టోర్ టెస్ట్ చేస్తారా అంటే అది కస్టమర్ బాధ్యత అన్నాడు, అక్కడే లేచొచ్చేశాం.

మార్కులు ఐదుకి మూడున్నర. కుర్రాడికి ఐదు, సేల్స్‌కి ఒకటి. ఒకే సిస్టమ్ పెట్టుకుని బిల్లులేసుకునే షాపులకి ఇంత ప్యాకేజీ అక్కర్లేదు, బ్యాకప్ డిస్క్ పీకి పక్కన పెట్టడం, మెయిల్‌కీ బ్యాంక్‌కీ ఓటీపీ, అప్‌డేట్లు, ఇవి ఇంట్లో చదువుకున్న పిల్లలున్నా చేసేస్తారు. పది మంది స్టాఫ్, పెద్ద కస్టమర్లు, బయటి నుంచి లాగిన్ అయ్యే ఆడిటర్, ఇవన్నీ ఉంటే తీసుకోండి. రెన్యువల్ వచ్చే నెల, డాష్‌బోర్డ్, పీడీఎఫ్, వీడియోలు తీసేసి రేటు తగ్గించండి, అదే కుర్రాడు వస్తాడని కాంట్రాక్టులో రాయండి అని మెయిల్ పెట్టాం, మొదటి దానికి సరే అన్నారు, రెండోదానికి ఇంకా నానుస్తున్నారు.