లాంథనమ్ బ్రోమైడ్: తేమను ఆపగలిగితేనే కొనండి

హైదరాబాదులోని ఒక పరిశోధనశాలలో గామా కిరణాలను గుర్తించే స్ఫటికాలు పెంచడం నా పని. అందుకోసం అనార్ద్ర (నీరు ఏమాత్రం లేని) లాంథనమ్ బ్రోమైడ్‌ను కొన్నేళ్లుగా వాడుతున్నాను. లాంథనమ్ వంటి రేర్ ఎర్త్ లోహాల లవణాల్లో నాకు దీనిమీద ఉన్నంత అభిమానం మరి దేనిమీదా లేదు. అయినా గ్లవ్‌బాక్సు (బయటి గాలి చొరబడకుండా, గోడకు బిగించిన చేతితొడుగులతో లోపల పనిచేసే పెట్టె) లేనివారికి దీన్ని కొనమని చెప్పను. నీటి ద్రావణంతో సరిపోయే పనులకు చౌకగా దొరికే ఆర్ద్ర లవణం (నీటి అణువులను పట్టుకున్న రూపం) చాలు.

చూడటానికి తెల్లని పొడి. అణుభారం 378.6, సాంద్రత నీటికి సుమారు అయిదింతలు, 780 డిగ్రీల సెల్సియస్ దాటాక కరుగుతుంది. దీని విలువంతా కొద్దిగా సీరియం అనే మరో రేర్ ఎర్త్ లోహాన్ని కలిపినప్పుడు తెలుస్తుంది. గామా కిరణం తాకితే ఆ స్ఫటికం నీలి, అతినీలలోహిత కాంతిని వెదజల్లుతుంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ శాస్త్రవేత్తలు ఈ గుణాన్ని 2001లో ప్రకటించారు. ఒక మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తికి దాదాపు 60,000 ఫోటాన్లు (కాంతి కణాలు) వస్తాయి; దశాబ్దాలుగా అందరూ వాడుతున్న సోడియం అయోడైడ్‌లో వచ్చేవి 40,000 లోపే. సీజియం-137 విడుదల చేసే 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల రేఖ (ఆ శక్తి దగ్గర కొలతలో కనిపించే శిఖరం; ఎంత సన్నగా ఉంటే అంత మంచిది) సోడియం అయోడైడ్‌లో ఏడు శాతం వెడల్పున కనిపిస్తే, ఇందులో మూడు శాతం దగ్గరే ఉంటుంది. ఒకదానిలో ఒకటి కలిసిపోయిన రెండు శిఖరాలు ఇందులో విడివిడిగా నిలబడటం చూసినవారికి దీనికోసం పడే పాట్లు బరువనిపించవు.

ఆ పాట్లన్నీ నీటితోనే. హైదరాబాదులో ఏప్రిల్ మధ్యాహ్నపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అప్పుడు బయట తూకం వేసుకోవచ్చని కొత్తగా చేరిన విద్యార్థులు అనుకుంటారు. నేను ఏ నెలలోనూ ఒప్పుకోను. జూలై, ఆగస్టుల్లోనైతే బయటపెట్టిన పొడి చూస్తుండగానే ముద్దవుతుంది, కాసేపటికి నీరుకారుతుంది. సిలికా జెల్ ఉన్న డెసికేటర్ (తేమ పీల్చే మూతపాత్ర) దీనికి చాలదు. ఆర్గాన్ నింపిన గ్లవ్‌బాక్సులో తేమ ఒక పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) కంటే తక్కువ ఉన్నప్పుడే సీసా తెరుస్తాను.

తడిసిన పొడిని కొలిమిలో వేడిచేసి ఆరబెడదామంటే కుదరదు. లాంథనమ్ పట్టుకున్న నీటి అణువులు వేడికి ఊరికే పోవు. కొంత బ్రోమైడ్‌ను హైడ్రోజన్ బ్రోమైడ్ వాయువుగా తరిమేసి, ఆక్సిజన్‌ను లోపలే వదిలిపోతాయి. మిగిలేది లాంథనమ్ ఆక్సీబ్రోమైడ్. స్ఫటికం పెంచడానికి పొడిని క్వార్ట్జ్ గొట్టంలో కరిగించినప్పుడు అది ఆ ద్రవంలో మలినంగా తేలుతుంది, గొట్టం గోడకు అంటుకుంటుంది, చల్లారేటప్పుడు స్ఫటికాన్నీ గొట్టాన్నీ పగలగొడుతుంది. అసలే ఈ స్ఫటికం వేడికి అన్ని దిక్కుల్లో ఒకేలా వ్యాకోచించదు. పగలడానికి దానికి ఇంకో కారణం అక్కర్లేదు.

అందుకే ప్రతి కొత్త సరుకుకూ ఒక చిన్న పరీక్ష చేస్తాను. చిటికెడు తీసి చల్లటి నీటిలో వేస్తే మంచి బ్రోమైడ్ తేటగా కరిగిపోతుంది. అడుగున తెల్లని మడ్డి మిగిలితే అది ఆక్సీబ్రోమైడ్. ఒక సరఫరాదారు మామూలు మరమూత సీసాలో పంపిన సరుకు, ధ్రువపత్రంలో 99.99 శాతం శుద్ధత రాసి ఉన్నా, ఈ పరీక్షలో పాలలా తెల్లబడింది. లోహ మలినాలను లెక్కించి వేసిన ఆ అంకె తేమ గురించి ఏమీ చెప్పదని కొనేవారు గుర్తుంచుకోవాలి. ఇప్పుడు ఆర్గాన్‌లో మూసిన గాజు ఆంప్యూళ్లలో వచ్చే పూసల రూపాన్నే తెప్పిస్తున్నాను. ధర ఎక్కువే. కానీ పొడితో పోలిస్తే పూసల ఉపరితలం తక్కువ, తేమ పట్టేదీ తక్కువ, దుమ్ము లేవదు.

ఆర్ద్ర లవణం నుంచి సొంతంగా తయారుచేసుకోవాలంటే అమ్మోనియం బ్రోమైడ్ దారి ఉంది. దాన్ని ఎక్కువ మోతాదులో కలిపి, శూన్యంలో చాలా నెమ్మదిగా వేడిచేయాలి. నీరంతా పోయేవరకు 200 డిగ్రీల లోపే ఉంచి, ఆ తరువాతే 400 వైపు వెళ్లాలి. అమ్మోనియం బ్రోమైడ్ ఆవిరై గొట్టం చల్లటి కొసన తెల్లగా పేరుకుంటుంది. ఆ పేరుకున్నది శూన్యపు గొట్టాన్ని మూసేయగలదు. పంపుకు ముందు ద్రవ నత్రజనితో చల్లబరిచిన ట్రాప్ (ఆవిర్లను గడ్డకట్టించి పట్టే పాత్ర) లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు.

ఇక భద్రత. ఇది తీవ్రమైన విషం కాదు, కానీ కళ్లను, చర్మాన్ని, శ్వాసనాళాన్ని మండిస్తుంది. కళ్లద్దాలు, నైట్రైల్ చేతితొడుగులు తప్పనిసరి. చర్మంమీద పడితే ముందు పొడిగుడ్డతో దులిపి, తరువాత ధారాళంగా కడగాలి. నీటిలో కరిగేటప్పుడు వేడి పుడుతుంది. అసలు ప్రమాదం తడిసినదాన్ని వేడిచేసినప్పుడు వచ్చే హైడ్రోజన్ బ్రోమైడ్‌తోనే. ఆ పని ఫ్యూమ్ హుడ్ (విషవాయువులను బయటికి లాగేసే అర) బయట ఎవరు చేసినా ఆపిస్తాను. గాఢ గంధకామ్లాన్ని, బలమైన ఆక్సీకరణులను దీని దరిదాపుల్లోకి రానివ్వకూడదు. బ్రోమిన్ వెలువడుతుంది.

రేడియోధార్మికత గురించి చాలామంది అడుగుతారు. సహజ లాంథనమ్‌లో 0.09 శాతం లాంథనమ్-138 అనే రేడియోధార్మిక రూపం ఉంటుంది. దాని అర్ధాయువు (సగం క్షీణించడానికి పట్టే కాలం) సుమారు పదివేల కోట్ల సంవత్సరాలు, కాబట్టి మనిషికి భయం లేదు. ఇబ్బంది డిటెక్టర్‌కు. లాంథనమ్-138 విడుదల చేసే 1436 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా, పొటాషియం-40 రేఖ 1461కి పక్కనే కూర్చుంటుంది. నేలలో, రాళ్లలో పొటాషియం కొలిచేవారికి ఇది పెద్ద తలనొప్పి. వారికి నేను సీరియం బ్రోమైడ్‌నే సూచిస్తాను. రేఖ వెడల్పు నాలుగు శాతం దగ్గర ఉన్నా ఈ సొంత గోల ఉండదు. తేమ విషయంలో మాత్రం అదీ ఇంతే జాగ్రత్త కోరుతుంది.

మిగిలిన ముక్కలను సింకులో పారబోయవద్దు. ఫ్యూమ్ హుడ్‌లో ఎక్కువ చల్లటి నీటిలో కొద్దికొద్దిగా వేసి కరిగించి, సోడియం కార్బనేట్ కలిపితే లాంథనమ్ కార్బనేట్‌గా కిందికి దిగుతుంది. వడపోసిన ఘనాన్ని, బ్రోమైడ్ మిగిలిన ద్రావణాన్ని వేరువేరు డబ్బాల్లో చీటీలు అంటించి, అనుమతి ఉన్న రసాయన వ్యర్థాల సేకరణకే అప్పగించాలి.