ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఆతిథ్యం: బిడ్ వేసే ముందు ఈ రివ్యూ చదవండి

ముందే చెప్పేస్తున్నా, ఆతిథ్యానికి నా రేటింగ్ ఐదుకు రెండు. ఆటకైతే ఐదుకు ఐదూ ఇస్తాను, అందులో రెండో మాట లేదు. నేనిక్కడ రివ్యూ చేస్తున్నది "ప్రపంచకప్ మీ దేశంలో పెట్టుకోండి" అని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా ఇచ్చే ప్యాకేజీని. దాన్ని సర్వీసు అనే అనాలి, ఎందుకంటే అమ్మేవాళ్లున్నారు, కొనేవాళ్లున్నారు, మధ్యలో ఒప్పందం ఉంది, బిల్లు మాత్రం ఆ దేశంలో పన్ను కట్టే ప్రతి మనిషి మీదా పడుతుంది. ఏ దేశంలోనైనా బిడ్ మాట రాగానే చర్చంతా "మనకా సత్తా ఉందా లేదా" అన్న పౌరుషం చుట్టూనే తిరుగుతుంది. సత్తా ఉన్న దేశాలే దీన్ని తీసుకుని ఇరుక్కున్నాయి. ఎవరికి ఏం దక్కుతుంది, ఎవరు ఏం కట్టాలి అని అడిగేవాళ్లు తక్కువ.

ప్యాకేజీలో ఏముందో చూద్దాం. 2026 నుంచి 48 జట్లు, 104 మ్యాచ్‌లు, నెల దాటి సాగే టోర్నీ. 2030, 2034 కోసం ఫిఫా పెట్టిన షరతుల ప్రకారం కనీసం 14 స్టేడియాలు కావాలి. ప్రారంభ మ్యాచ్‌కి, ఫైనల్‌కి 80 వేల సీట్లు, సెమీఫైనల్స్‌కి 60 వేలు, మిగతావాటికి 40 వేలు. ప్రాక్టీస్ మైదానాలు, హోటళ్లు, విమానాశ్రయాలు, పోలీసులు, రవాణా, ఇవన్నీ ఆతిథ్య దేశం చూసుకోవాలి. వీటికి తోడు ప్రభుత్వం సంతకం పెట్టి ఇవ్వాల్సిన హామీలుంటాయి: ఫిఫాకు పన్ను మినహాయింపు, వచ్చేవాళ్లకు వీసాలు, వర్క్ పర్మిట్లు, స్పాన్సర్ల హక్కులకు చట్టపరమైన రక్షణ. మరి ఆదాయం? టీవీ హక్కుల డబ్బు ఫిఫాది, స్పాన్సర్ల డబ్బు ఫిఫాది, 2026లో టికెట్ల డబ్బూ ఫిఫాదే. 2019 నుంచి 2022 వరకు నాలుగేళ్లలో ఫిఫా ఆదాయం 750 కోట్ల డాలర్లు దాటింది, అందులో సింహభాగం ఖతార్ ప్రపంచకప్ పుణ్యమే.

అంటే తొలి మ్యాచ్ విజిల్ ఊదకముందే ఫిఫా లెక్క దాదాపు తేలిపోయి ఉంటుంది, ఆతిథ్య దేశానికి మిగిలేది పర్యాటకులు వస్తారన్న ఆశ. వస్తారు, రారని అనడం లేదు. కానీ ఫుట్‌బాల్ జనం దిగుతున్నారని తెలిసి, రేట్లు పెరుగుతాయని, ఎక్కడ చూసినా గుంపులే ఉంటాయని, మామూలుగా వచ్చే పర్యాటకులు ఆ నెల మానుకుంటారు. స్థానికులు మ్యాచ్ మీద పెట్టే డబ్బు కూడా కొత్తగా పుట్టుకొచ్చింది కాదు, సినిమాకో షికారుకో పెట్టేది ఇటు మళ్లుతుంది, అంతే. బిడ్ సమయంలో కన్సల్టెంట్లు చూపించే రిపోర్టుల్లో వచ్చేవాళ్ల లెక్క ఘనంగా ఉంటుంది, రావడం మానేసేవాళ్ల లెక్క చాలావరకు కనిపించదు. నాకు ఒళ్లు మండేది అక్కడే, ఎందుకంటే ఆ రిపోర్టు చూసే మంత్రులు సంతకం పెడతారు.

షరతులు ఎంత లోపలికి చొచ్చుకొస్తాయంటే, 2014 కప్ జరిపిన బ్రెజిల్‌లో స్టేడియాల్లో మద్యం అమ్మకూడదన్న నిషేధం ఉండేది, కానీ ప్రపంచకప్ స్పాన్సర్లలో బీరు కంపెనీ ఉంది కాబట్టి కుదరదని ఫిఫా పట్టుబట్టింది. చివరికి 2012లో ప్రపంచకప్ కోసమే ఒక చట్టం చేసి దారి వదలాల్సి వచ్చింది. అదే ఖతార్ 2022లో టోర్నీకి రెండు రోజుల ముందు స్టేడియాల దగ్గర బీరు వద్దనేసింది, ఫిఫా సరేనంది. అందరికీ ఒకే రకమైన సర్వీసు దొరకదని దీన్నిబట్టే తెలుస్తుంది.

బ్రెజిల్ మాట వచ్చింది కాబట్టి మనౌస్ గురించి వివరంగా చెప్పాలి, ఈ ప్యాకేజీలోని లోపమంతా ఆ ఒక్క స్టేడియంలో కనిపిస్తుంది. అమెజాన్ అడవి నడుమ ఉన్న నగరం అది. 2014 నాటికి అక్కడ మొదటి డివిజన్‌లో ఆడే క్లబ్ ఒక్కటీ లేదు. అయినా నలభై వేలకు పైగా సీట్లతో అరీనా ద అమెజోనియా కట్టారు. అక్కడి ఆదివాసీలు అల్లే బుట్టను గుర్తుకుతెచ్చే డిజైన్, చూస్తే కళ్లు చెదురుతాయి, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. ఉక్కు భాగాలను పోర్చుగల్ నుంచి ఓడల్లో అట్లాంటిక్ దాటించి, అమెజాన్ నది మీదుగా చేరవేశారు. కట్టే సమయంలో కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇంతా చేస్తే అక్కడ జరిగిన ప్రపంచకప్ మ్యాచ్‌లు నాలుగు: ఇంగ్లండ్-ఇటలీ, కామెరూన్-క్రొయేషియా, అమెరికా-పోర్చుగల్, హోండురాస్-స్విట్జర్లాండ్. కప్ అయ్యాక ఆ స్టేడియాన్ని ఖైదీలను తాత్కాలికంగా ఉంచడానికి వాడుకోవచ్చని స్థానిక జడ్జి ఒకరు 2013లోనే సూచించారు. అంటే ఇంకా కట్టడం పూర్తి కాకముందే దాన్ని ఏం చేసుకోవాలో ఎవరికీ పాలుపోలేదు. 2019లో పుట్టిన అమెజోనాస్ అనే క్లబ్ ఎదిగి 2024లో రెండో డివిజన్‌లో ఆడింది, ఆ నగరం కోసం సంతోషించాను, కానీ ముందు స్టేడియం కట్టేసి దానికి తగిన టీం కోసం పదేళ్లు ఎదురుచూడటాన్ని ప్లానింగ్ అనలేం.

తప్పంతా ఫిఫా మీదకే నెట్టడం కూడా న్యాయం కాదు. ఎనిమిది వేదికలతో సరిపోయేదానికి బ్రెజిలే పన్నెండు కావాలంది, ప్రతి ప్రాంతం నాయకుడికీ తన దగ్గర ఒకటి ఉండాలన్న ఆరాటం. మరో వేదిక క్వియాబాలో కప్ పేరు చెప్పి తలపెట్టిన ట్రామ్ లైను ఒక్కరోజు కూడా నడవలేదు, బోగీలు కొని తెచ్చాక కూడా. చివరికి రాష్ట్ర ప్రభుత్వం దాన్ని వదిలేసి బస్సు మార్గం వేస్తామంది. 2027 మహిళల ప్రపంచకప్ బ్రెజిల్‌లోనే, దానికి ఎంచుకున్న ఎనిమిది వేదికలూ 2014లో వాడినవే. ఆ జాబితాలో మనౌస్ లేదు, క్వియాబా లేదు.

పోర్చుగల్‌దీ దాదాపు ఇదే కథ. 2004 యూరో (యూరప్ దేశాల ఫుట్‌బాల్ కప్) కోసం పది స్టేడియాలు సిద్ధం చేశారు. లైరియాలో కట్టినదాన్ని కొన్నేళ్లకే నగరపాలక సంస్థ అమ్మకానికి పెట్టింది, కొనడానికి ఎవరూ రాలేదు. స్పెయిన్, మొరాకోలతో కలిసి జరపబోయే 2030 ప్రపంచకప్‌కు పోర్చుగల్ వాడబోయే స్టేడియాలు మూడే, బెన్ఫికా, స్పోర్టింగ్, పోర్టో క్లబ్బులవి. ప్రతి వారం జనం వచ్చే స్టేడియాలు నిలబడ్డాయి, టోర్నీ కోసమే లేచినవి భారమయ్యాయి. అందుకే బిడ్ ఫైలులో ప్రతి స్టేడియం పేరు పక్కన నేను చూడాలనుకునేది ఒక్కటే: కప్ అయిన తర్వాతి శనివారం అక్కడ ఎవరు ఆడతారు? దానికి ఒక క్లబ్ పేరు రాయలేకపోతే ఆ స్టేడియం కట్టకూడదు.

ఈ సర్వీసు బాగా పనిచేసిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి, వాటిని దాచడం లేదు. అమెరికా 1994లో కొత్తగా ఒక్క స్టేడియం కట్టకుండా, ఉన్న తొమ్మిదింటితోనే టోర్నీ నడిపింది. 52 మ్యాచ్‌లకు 35 లక్షల 80 వేల మందికి పైగా వచ్చారు, ఆ తర్వాత 32 జట్లతో జరిగిన ఏ ప్రపంచకప్పూ ఆ సంఖ్యను దాటలేదు. ఫిఫాకు ఇచ్చిన మాట ప్రకారం 1996లో వాళ్ల లీగ్ కూడా మొదలైంది. 2006లో జర్మనీ బాగుచేసుకున్న స్టేడియాలు చాలావరకు క్లబ్బులు ఎలాగూ ఆడుకునేవే. లైప్‌జిగ్‌లో మాత్రం పెద్ద క్లబ్ లేదు, 2009లో కొత్త క్లబ్ వచ్చి పైకి ఎదిగాకే దానికి కళ వచ్చింది. ఇక జర్మనీలో టికెట్ దొరకని లక్షల మంది కూడళ్లలో పెద్ద తెరల ముందు కలిసి చూశారే, ఆ నెల రోజుల సంబరానికి వెల కట్టలేం. ఆతిథ్య దేశాల్లో జనం కొంతకాలం నిజంగానే ఎక్కువ సంతోషంగా ఉంటారని ఆర్థికవేత్తలు కూడా గమనించారు. నా దృష్టిలో ఇది చిన్న లాభం కాదు. ఒక దేశం ఆ సంతోషం కోసమే డబ్బు పెడతానంటే నేను గౌరవిస్తాను, కాకపోతే ఆ మాట అలాగే చెప్పాలి, పెట్టుబడి అని, తిరిగి వస్తుందని చెప్పకూడదు.

దక్షిణాఫ్రికా ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. జొహానెస్‌బర్గ్ విమానాశ్రయం నుంచి శాండ్టన్ ప్రాంతానికి వెళ్లే గౌట్రెయిన్ అనే రైలు 2010 కప్‌కు మూడు రోజుల ముందు మొదలైంది, ఇప్పటికీ జనానికి పనికొస్తోంది. కప్ వల్లే వచ్చిందని అందరూ ఉదాహరణగా చెబుతారు గానీ ఆ ప్రాజెక్టును ప్రకటించింది 2000లో, దక్షిణాఫ్రికాకు కప్ ఖరారైంది 2004లో. అవసరం ఉన్న రైలును కప్ లేకపోయినా కట్టుకోవచ్చు, కప్ దానికి గడువు మాత్రం పెట్టింది. అదే కేప్‌టౌన్‌లో న్యూలాండ్స్ రగ్బీ స్టేడియం ఉండగానే గ్రీన్ పాయింట్‌లో దాదాపు 440 కోట్ల ర్యాండ్లతో కొత్తది కట్టారు. దానికి సొంత రగ్బీ జట్టు దొరకడానికి 2021 దాకా పట్టింది.

ఖర్చు పెరగడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు, ఇక్కడ రెండూ ఒకేసారి చేయాలి. 2026లో టొరంటోకు దక్కిన మ్యాచ్‌లు ఆరు. 2018లో నగరం వేసుకున్న అంచనా మూడు నుంచి నాలుగున్నర కోట్ల కెనడా డాలర్లు, 2024కి వచ్చేసరికి అది 38 కోట్లు. మొదట అనుకున్న మ్యాచ్‌లు తక్కువే, నిజమే, కానీ మ్యాచ్‌లు కొన్ని పెరిగితే ఖర్చు ఎనిమిది రెట్లకు పైగా ఎలా పోయిందో అక్కడి జనం అడగడంలో తప్పేముంది?

ఇవన్నీ బిడ్ గెలిస్తే. ఓడినా డబ్బు పోతుంది. 2010 డిసెంబరులో జ్యూరిక్‌లో జరిగిన ఓటింగ్‌లో 2018 కప్ కోసం పోటీపడ్డ ఇంగ్లండ్‌కు వచ్చినవి రెండు ఓట్లు, అందులో ఒకటి తమదే. 2022 కోసం నాలుగున్నర కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా ప్రజాధనం పెట్టిన ఆస్ట్రేలియాకు ఒకే ఒక్క ఓటు. 2034కైతే అసలు పోటీయే లేదు, ఆసియా, ఓషియానియా దేశాలు ముందుకు రావడానికి నెల కూడా టైమివ్వలేదు, చివరికి సౌదీ అరేబియా ఒక్కటే మిగిలింది, 2024 డిసెంబరు 11న చప్పట్లతో ఖాయం చేశారు.

ఖతార్ గురించి ఒక్క విషయం చెప్పి ముందుకెళ్తా. ఎనిమిది స్టేడియాల్లో ఏడు కొత్తవి, దేశమంతా కలిపి పెట్టిన ఖర్చు 20 వేల కోట్ల డాలర్లు దాటిందంటారు. వాటిని కట్టింది దక్షిణాసియా నుంచి, ఆఫ్రికా నుంచి వెళ్లిన వలస కార్మికులు. మండుటెండలో పనిచేసి శవాలై ఇంటికి చేరినవాళ్లున్నారు, ఎలా పోయారో సరైన కారణం కూడా తెలియని కుటుంబాలున్నాయి. ఏ బిడ్ గురించైనా మాట్లాడేటప్పుడు ఈ పాయింట్ చివరి పేజీలో కాకుండా మొదటి పేజీలో ఉండాలని నా అభిప్రాయం.

జనం ఇప్పుడు ఊరుకోవడం లేదు కూడా. 2013లో, ప్రపంచకప్‌కు ఏడాది ముందు, ఫిఫా చిన్న టోర్నీ కాన్ఫెడరేషన్స్ కప్ జరుగుతుండగానే బ్రెజిల్ వీధులు నిండిపోయాయి, ఫిఫా స్థాయి ఆసుపత్రులు, బడులు కావాలని అడిగారు. ఫుట్‌బాల్‌ను ప్రాణంగా చూసుకునే దేశంలో! 2025 సెప్టెంబరులో మొరాకోలో కుర్రాళ్లు రోడ్డెక్కింది కూడా ఇందుకే: స్టేడియాలు సరే, ఆసుపత్రులేవి? అగాదిర్‌లోని ఆసుపత్రిలో గర్భిణులు చనిపోయిన సంగతి బయటికొచ్చిన రోజులవి, మరోవైపు కాసాబ్లాంకా దగ్గర లక్షా 15 వేల సీట్ల స్టేడియం లేస్తోంది.

వద్దని చెప్పడం పిరికితనం అనుకునేవాళ్లకు కొలంబియాను చూపిస్తాను. 1986 కప్ వాళ్లదే. 1982లో అధ్యక్షుడు బెలిసారియో బెతాన్‌కుర్ దేశానికి ఇంతకంటే ముఖ్యమైన పనులున్నాయని తిరిగిచ్చేశారు, కప్ మెక్సికోకు వెళ్లింది. 2018లో షికాగో నగరం పన్ను కట్టేవాళ్ల మీద ఎంత భారం పడుతుందో తేలడం లేదని 2026 బిడ్ నుంచి తప్పుకుంది. 2024లో బ్రిటన్ ప్రభుత్వం, ఉత్తర ఐర్లాండ్‌లో బెల్‌ఫాస్ట్‌లోని కేస్‌మెంట్ పార్క్ స్టేడియం ఖర్చు 40 కోట్ల పౌండ్లు దాటే పరిస్థితి చూసి 2028 యూరో కోసం దానికి డబ్బు ఇవ్వలేమంది. అక్కడి అభిమానులకు బాధ కలిగింది, అది నాకు అర్థమవుతుంది, అయినా ఆ నిర్ణయం సరైనదే అంటాను.

అలాగని ఏ దేశమూ ఏ టోర్నీకీ బిడ్ వేయొద్దని నేననను. ఇదే కంపెనీ దగ్గర చిన్న ప్యాకేజీలున్నాయి, వాటికి నాలుగు స్టార్లు ఇస్తాను. 2023 మహిళల ప్రపంచకప్‌ను ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి చాలావరకు ఉన్న స్టేడియాల్లోనే జరిపితే దాదాపు 20 లక్షల మంది వచ్చారు. 2017లో భారత్‌లో ఆరు నగరాల్లో జరిగిన అండర్-17 ప్రపంచకప్‌కు 13 లక్షల 47 వేల మంది వచ్చారు, ఆ వయసు టోర్నీకి అది రికార్డు. పెద్ద కప్ కావాలంటే పక్క దేశాలతో పంచుకోవడం మేలు, అప్పుడు ఒక్కో దేశం తన దగ్గరున్న మంచి స్టేడియాలు మాత్రమే ఇస్తే సరిపోతుంది. ఒంటరిగా 14 స్టేడియాల భారం మోయడం, అందులో సగం కొత్తగా కట్టడం, ఈ రకం మాత్రం తీసుకోమని నేనెవరికీ చెప్పను.

ఇంకా బిడ్ వేయాల్సిందే అనుకునే దేశమైతే ఒక పని చేయాలి. 2018 కోసం బెల్జియంతో కలిసి పోటీపడ్డప్పుడు నెదర్లాండ్స్ ప్రభుత్వం, ఫిఫా అడుగుతున్న హామీలేమిటో బయటపెట్టింది. కప్ వాళ్లకు రాలేదు, కానీ దేనికి సంతకం పెడుతున్నారో వాళ్ల జనానికి తెలిసింది. అలాగే హామీల పత్రం, ప్రతి స్టేడియం ఖర్చు, ఆ ఖర్చు రెట్టింపైతే ఎవరు కడతారన్న వివరం, మూడూ బిడ్ గడువుకు కనీసం ఏడాది ముందు జనం చేతిలో పెట్టండి. వాళ్లు చదివి సరే అంటే అప్పుడు వేయండి.